దుప్పట్లక్క పది స్లైడ్లు

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు కాపలావాళ్ల దాకా ఆస్పత్రిలో అందరికీ ఆవిడ దుప్పట్లక్క. నాలుగు వందల పడకలకు దుప్పట్లు, దిండు గలీబులు, రోగులు తొడుక్కునే గౌన్లు, ఆపరేషన్ గది ఆకుపచ్చ గుడ్డలు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి పంపే విభాగానికి ఆవిడే పెద్ద. ఆ విభాగం నేల కింది అంతస్తులో ఉండేది. దాని పక్క గదిలో పాత కేసు షీట్లు భద్రపరిచే గుమస్తాని నేను. రెండు గదులకీ మధ్య గోడ ఒకటే. అటువైపు మెషిన్లు తిరుగుతుంటే ఇటువైపు నా బల్ల మీద టీ గ్లాసు వణికేది. పన్నెండేళ్లు అలా పక్కపక్కన పనిచేశాం. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నేను కళ్లారా చూసింది, మిగతాది ఆవిడ నోట విన్నది.

పనిలో ఆవిడ దిట్ట. రక్తం మరకల గుడ్డలు ముందు చన్నీళ్లలో నానాలని, వేణ్ణీళ్లు తగిలితే ఆ మరక జన్మలో పోదని, కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ దగ్గరుండి నేర్పేది. మాసిన దుప్పట్ల మూటల్లోంచి కత్తెరలు, సూదులు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు కూడా తీసింది. అవి ఏ వార్డులో ఎవరివో కనుక్కుని, పట్టుకెళ్లి ఆ ముసలాయన చేతిలో పెట్టేదాకా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. చిరిగిన దుప్పటిని పారేయనిచ్చేది కాదు. బాగున్న ముక్క కత్తిరించి, అంచులు కుట్టించి, పసిపిల్లల్ని చుట్టడానికి పురిటి వార్డుకి పంపేది. యాభై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు, గట్టి గొంతు. మెషిన్ల మోతలో ముప్ఫై ఏళ్లు మాట్లాడీ మాట్లాడీ, ఆవిడ గుసగుసలాడినా మా గదిలోకి వినిపించేది.

ఆ యేడు వాళ్ల విభాగంలో ఒక ప్రమాదం జరిగింది. దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి అక్కడ పెద్ద రోలర్ మెషిన్ ఉంది. తడి దుప్పటి అంచు వేడి రోలర్ల మధ్య పెడితే అదే లోపలికి లాక్కుని, అవతలివైపు నున్నగా వదులుతుంది. దుప్పటితో పాటు వేళ్లు పోకుండా ముందు ఒక ఇనుప కమ్మీ అడ్డంగా ఉండాలి. దానికి చెయ్యి తగిలితే చాలు, మెషిన్ ఆగిపోవాలి. ఆ అడ్డు ఒకవైపు విరిగి ఆరు నెలలైంది. ఆవిడ రిజిస్టరులో మూడుసార్లు రాసింది. మూడుసార్లూ "చూస్తాం" అన్నారు. ఒక మధ్యాహ్నం, అందరూ ముద్దుగా 'పొట్టి' అని పిలిచే అక్కడి పనామె, ఇద్దరు పిల్లల తల్లి, దుప్పటి అంచు సరిచేయబోతుంటే చెయ్యి లోపలికి పోయింది. దుప్పట్లక్క పరుగెత్తి స్విచ్చి కొట్టేసరికే నాలుగు వేళ్లూ అరచేయీ కాలిపోయాయి. పొట్టిని అదే భవనంలో మూడో అంతస్తులో చేర్చుకున్నారు.

"డాక్టర్లు మనవాళ్లే, మందులు మనవే, దాని కింద పరిచిన దుప్పటి మనం ఉతికిందే. చెయ్యి ఒక్కటే కాపాడుకోలేకపోయాం" అంది ఆ సాయంత్రం నాతో.

అడ్డు గురించి నాలుగోసారి అడగబోతే ఆఫీసువాళ్లు ఒక దారి చెప్పారు. వచ్చే శుక్రవారం అన్ని విభాగాల సమీక్ష ఉంది, అందులో పెట్టండి, డైరెక్టరుగారు ఊఁ అన్నారంటే మర్నాడే పని అయిపోతుంది అన్నారు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సోమవారం ఆ సమీక్ష తాలూకు సర్క్యులరు వచ్చింది. దాన్ని పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"ఇది చదివి పెట్టు తమ్ముడూ. నేను చదివితే వేరేలా అర్థమవుతోంది."

చదివాను. ప్రతి విభాగం పెద్దా ఆస్పత్రి కొత్తగా తెచ్చిన ప్రజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో పది స్లైడ్లు తయారుచేసి, ఏడు నిమిషాల్లో వివరించాలి. కాగితాలు తీసుకోరు.

"స్లైడంటే?"

"గోడ మీద బొమ్మలా పడుతుందక్కా. ఒకటయ్యాక ఒకటి. మనం పక్కన నిలబడి చెప్పాలి."

"నిలబడి చెప్పేటప్పుడు ఇంక బొమ్మ దేనికి?"

నేనూ ఆ సాఫ్ట్‌వేర్ మొహం చూసినవాణ్ణి కాను. మా విభాగం తరఫున ఆ పనంతా మా ఆఫీసరే చూసుకునేవాడు.

వాళ్ల గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు వెళ్లాయో గళ్లలో కొట్టడానికి తప్ప ఆవిడ దాన్ని ముట్టుకునేది కాదు. మంగళవారం పొద్దున్న చేతులు తుడుచుకుని దాని ముందు కూర్చుంది. సర్క్యులరులో ఇచ్చిన చోట నొక్కితే తెర మీద ఒక అమ్మాయి ఫోటో ప్రత్యక్షమైంది. లాప్‌టాప్ చూసి తెగ నవ్వుతోంది. కింద ఒక పెట్టెలో, మీకేం కావాలో రాయండి అని ఉంది. దుప్పట్లక్క ఒక్కో అక్షరమే వెతుక్కుని ఇంగ్లీషులో 'రోలర్' అని కొట్టింది.

కాసేపటికి "తమ్ముడూ!" అని గోడ అవతల్నించి కేక. వెళ్లి చూస్తే తెర నిండా రోడ్డు రోలర్లు. వాటి కింద జుట్టు రింగులు తిప్పుకునే రోలర్లు. ఆ కింద గోడలకి రంగులేసే రోలర్లు.

"ఇన్ని రోలర్లున్నాయి లోకంలో, మనది ఒక్కటీ లేదేంటి?" అంది.

మన మెషిన్ ఫోటో మనమే తీసి అందులో పెట్టాలేమో అన్నాను. ఫోన్‌తో తీసింది. విరిగిన కమ్మీ స్పష్టంగా కనిపించేలా ఒక మనిషి చేత టార్చి లైటు పట్టించి మరీ తీసింది. దాన్ని స్లైడులోకి తేవడానికి ఒక పూట పట్టింది. తీరా వచ్చాక బొమ్మ తెరంతా పరుచుకుంది. మూల పట్టుకుని చిన్నది చేద్దామంటే పక్కకి తిరిగి పడుకుంది. నిలబెట్టబోతే తలకిందులైంది. "నిజం మెషిన్నయినా నలుగురం పట్టి లేపగలం. దీన్నెలా లేపను?" అని మౌస్ వదిలేసింది.

మొదటి స్లైడు మీద పేరు తెలుగులో కొడదామనుకుంది. 'దుప్పట్లు' అని కొడితే వత్తులన్నీ ఊడి విడివిడిగా నిలబడ్డాయి. దుప్‌పట్‌లు. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. ముప్ఫై ఏళ్లుగా రోజుకి వందసార్లు పలికే మాట అది. తెర మీద అలా విరిగి కనిపించేసరికి ఆవిడ మొహం పాలిపోవడం నేను చూశాను.

బుధవారం కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిపించింది. పాపం, మంచి మనిషే, కానీ నిలకడ లేదు. నిలబడే వంగి, మౌస్ అందుకుని, రెండు నిమిషాల్లో బొమ్మ నిలబెట్టాడు, అక్షరాలు అతికించాడు.

"ఇదిగో అక్కా, ఇక్కడ పట్టుకో, ఇటు లాగు, అక్కడ వదులు. అంతే. చాలా సింపుల్."

"ఇంకోసారి చూపించు బాబూ."

అంతే వేగంగా ఇంకోసారి చూపించాడు.

"నువ్వు మౌస్ ముట్టుకోకు. నేను చేస్తాను, ఎక్కడ తప్పో చెప్పు" అంది. ఆవిడ చెయ్యి మౌస్ మీద పెట్టిందో లేదో ఆయన ఫోన్ మోగింది. ఐసీయూలో ప్రింటర్ ఆగిపోయిందట. "వస్తానక్కా, భయపడకు, ఏం నొక్కినా పేలిపోదు" అని లిఫ్టు వైపు పరుగెత్తాడు. ఆయన వెళ్లాక ఆవిడ రెండో స్లైడు కోసం ఏదో నొక్కింది. పేలలేదు గానీ మొదటిది మాయమైంది.

మిగతా పని ఇంటి దగ్గర చేసుకుంది. కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళుతూ వదిలేసిన పాత లాప్‌టాప్ ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ్నించైనా తెరుచుకుంటుంది. వాళ్లాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పక్కన కుర్చీ వేసుకు కూర్చుని ధైర్యం చెప్పాడు.

"ఏముందే ఇందులో? బండి లాంటిదే. నువ్వు బెదిరితే అది నిన్ను బెదిరిస్తుంది."

"బండికి బ్రేకుంటుంది. దీనికెక్కడుందో చూపించండి."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని తెరంతా వెతికి, "కూతుర్ని అడుగుదాం" అన్నాడు.

కూతురు ఫోన్లో ఓపిగ్గా మొదలుపెట్టింది. "అమ్మా, పైన కుడిచేతివైపు మూడు చుక్కలు కనిపిస్తున్నాయా?"

"మూడేం ఖర్మ, మంగళవారం నుంచీ చుక్కలే కనిపిస్తున్నాయి."

"అబ్బా, నవ్వించకమ్మా. పైన చూడు."

"ఏ పైన? తెరకి పైనా, నీలం గీతకి పైనా?"

"నీలం గీతా? నాకు అలాంటిది లేదే. నువ్వు ఎక్కడికి పోయావు?"

"నేనెక్కడికీ పోలేదే. ఇక్కడే కూర్చున్నాను."

అలా గంటన్నర కుస్తీపడి పది స్లైడ్లూ ఎలాగో నింపింది. చివరికి కూతురికే తట్టింది. స్లైడ్లని అదే అందంగా సర్దిపెట్టే మీట ఒకటి ఉంది, అది నొక్కమంది. నొక్కింది. విరిగిపోయినట్టున్న ఆ పది స్లైడ్లూ ఒక్క క్షణంలో లేతరంగులు పూసుకుని, గుండ్రటి అంచులు తొడుక్కుని, పెళ్లి శుభలేఖల్లా తయారయ్యాయి. దుప్పట్లక్కకి ఆ వారంలో మొదటిసారి ఊపిరి ఆడింది. మెషిన్ ఫోటో గుండ్రటి చట్రంలోకి ఒదిగిందని చూసింది గానీ, ఆ ఒదగడంలో విరిగిన కమ్మీ ఉన్న మూల తెగిపోయిందని చూసుకోలేదు. చక్కగా మెరిసే రోలరు ఒక్కటే మిగిలింది.

పొట్టి చెయ్యి ఫోటో మాత్రం పెట్టలేదు. అడగడానికి మూడో అంతస్తుకి వెళితే పొట్టి కట్టు కట్టిన చెయ్యి దుప్పటి కిందికి లాక్కుని, "నా చెయ్యి గోడ మీదేసి అందరికీ చూపించకక్కా" అందట. అందుకని ఏడో స్లైడులో బొమ్మ లేకుండా మూడు వాక్యాలే రాసింది. ఈ మెషిన్‌కి అడ్డు లేదు. ఒక మనిషి చెయ్యి కాలింది. అడ్డు వెంటనే కావాలి. తక్కిన తొమ్మిదీ ఆ ఒక్కదాని కోసమే.

గురువారం సాయంత్రం కూతురు మళ్లీ ఫోన్ చేసి, రిహార్సల్ అని ఒక మీట ఉంటుంది, అది నొక్కి ఒకసారి చెప్పుకుని చూసుకో అంది. దుప్పట్లక్క ఆ మీట నొక్కి నిలబడి గొంతు సవరించుకుంటుండగా పొయ్యి మీద పాలు పొంగాయి. ఆవిడ వంటింట్లోకి వెళ్లివచ్చేలోపల వాళ్లాయన, "ఎలా వచ్చాయో చూద్దాం" అని పది స్లైడ్లనీ టకటకా తిప్పేసి చూశాడు. బొమ్మలున్న వాటి దగ్గర నాలుగేసి సెకన్లు ఆగాడు. ఏడోదాంట్లో అక్షరాలే కదా, రెండు సెకన్లలో దాటేశాడు. చివర్న తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఇలాగే ఉంచమంటారా అని దానర్థమనుకుని ఆయన అవునని నొక్కాడు. దానర్థం కూడా అదే. కాకపోతే ఉంచమన్నది స్లైడ్లని కాదు, ఆయన తిప్పిన వేగాన్ని. ఇదంతా తర్వాత కంప్యూటరాయన విప్పిచెబితే తెలిసింది. అప్పుడు మాత్రం ఇద్దరూ హాయిగా పాలు తాగారు, తర్వాత ఆవిడ చెప్పాల్సింది అద్దం ముందు నిలబడి చెప్పుకుంది. ఆరున్నర నిమిషాలు పట్టింది.

శుక్రవారం సమావేశం అయిదో అంతస్తు హాల్లో. మా ఆఫీసరు ఫైళ్లు మోయడానికి నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. దుప్పట్లక్క పని చేసేటప్పుడు కట్టుకునే ఏప్రాన్ లేకుండా, తల నున్నగా దువ్వుకుని, కొత్త మనిషిలా వచ్చింది. ఆస్పత్రి వంటశాల పెద్ద, మేమందరం వంటాయన అనే లావుపాటి మనిషి, తన స్లైడ్లు ముగించి చెమట తుడుచుకుంటూ దిగాడు. తర్వాత ఆవిడ వంతు. చేతిలో చిన్న రిమోట్ పెట్టారు.

"అందరికీ నమస్కారం. మాది బట్టలుతికే విభాగం. మా దగ్గర పదకొండుమంది..."

అనేలోపల గోడ మీద రెండో స్లైడు వచ్చింది. ఆవిడ రిమోట్ వైపు చూసుకుంది. తను నొక్కలేదు. మూడోది వచ్చింది. వెనక్కి తిప్పుదామని ఏదో నొక్కింది, ఒకేసారి రెండు ముందుకి పోయాయి. "ఆగాగు" అంది, మెషిన్ల దగ్గర అనే గొంతుతో. హాల్లో ఎవరో నవ్వారు. మెరిసే రోలరు గుండ్రంగా వచ్చి వెళ్లిపోయింది. ఆవిడ గోడ వైపు తిరిగి, రిమోట్ వదిలేసి, చెయ్యెత్తి చూపిస్తూ, "ఇది, ఇదిగో ఇది చదవండి" అనేసరికి ఏడోది కూడా పోయింది. అప్పటికి ఆవిడ వేలు ఎనిమిదోదాన్ని చూపిస్తోంది. అందులో నెలకి ఎంత సబ్బు పొడి అవుతుందో ఉంది.

పదోది ధన్యవాదాలు. దాంతోపాటు కింద నుంచి రంగురంగుల బుడగలు లేచాయి, చిన్న సంగీతం కూడా వచ్చింది, అవి ఆ సర్దిపెట్టే మీట తనంతట తానే చేర్చినట్టుంది. హాలంతా చప్పట్లు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అందరూ కొడుతుంటే చేతులు ఊరుకోవు. రెండు దెబ్బలు కొట్టాక గానీ ఆవిడ మొహం చూడలేదు.

డైరెక్టరుగారు గడియారం చూసుకుని, "నలభై సెకన్లు!" అన్నారు. "పొద్దున్నించీ చంపుకుతింటున్నారు ఒక్కొక్కరూ. క్లుప్తంగా, కలర్‌ఫుల్‌గా ఎలా ఉండాలో ఈమెని చూసి నేర్చుకోండి."

"సార్, అది నేను చెప్పలేదు సార్. అదే వెళ్లిపోయింది. ఏడో స్లైడు ఒక్కసారి..."

"ప్రశ్నలన్నీ చివర్నమ్మా. తర్వాత ఎవరు?"

చివర్న ప్రశ్నలు లేవు, భోజనాలున్నాయి.

దుప్పట్లక్క కిందికి వచ్చి నా గదిలో బల్ల మీద కూర్చుంది. గోడ అవతల మెషిన్లు తిరుగుతున్నాయి. "నా చేతిలోంచే జారిపోయింది తమ్ముడూ" అంది. "పట్టుకుందామంటే పట్టుకోవడానికి పిడి లేదు దానికి. నేను చూస్తూనే ఉన్నాను."

పొట్టిని చూడకుండా ఇంటికెళ్లడానికి మనసొప్పక మూడో అంతస్తులో ఆగింది. పొట్టి లేచి కూర్చుంది. "చెప్పావా అక్కా?"

దుప్పట్లక్క నీళ్లు నమిలి, "చూపించాను" అంది. అబద్ధం కాదు. అయినా ఆ మాట తనని వారం రోజులు వదల్లేదని తర్వాత నాతో చెప్పింది.

శనివారం ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి డైరెక్టరుగారి ఆఫీసుకి పట్టుకెళ్లింది. అక్కడి గుమస్తా చదివి కాగితం వెనక్కిచ్చింది.

"ఇది మీ ప్రజెంటేషన్‌లో ఉందిగా అక్కా? సార్‌కి చూపించేశారుగా? మళ్లీ కాగితం దేనికి?"

"చూపించాను గానీ ఆయన చూడలేదమ్మా."

"చప్పట్లు కూడా కొట్టారుగా!"

కాగితం మడిచి పట్టుకుని వచ్చేసింది. రాసి అడిగితే చూపించమన్నారు, చూపిస్తే చూపించేశావుగా అంటున్నారు. ఎక్కడి గొంగళి అక్కడే. ఆ రోజు మధ్యాహ్నం రోలర్ దగ్గర ఇంకో పనామె, చేతులు దూరంగా చాచి, మొహం పక్కకి తిప్పుకుని దుప్పటి అంచు పెట్టడం చూసింది. పెట్టిన ప్రతిసారీ ఆమె కళ్లు మూసుకుంటోంది.

సోమవారం పొద్దున్నే దుప్పట్లక్క రోలర్ మెషిన్ మెయిన్ స్విచ్చి దించేసి, తాళం వేసి, తాళంచెవి ఏప్రాన్ జేబులో వేసుకుంది. ఎవర్నీ అడగలేదు. దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ లేకుండా మడిచి పైకి పంపింది. పదింటికి ఫోన్లు మొదలయ్యాయి. పన్నెండింటికి నర్సులందరికీ పైనుండే పెద్ద సిస్టరు రెండు దుప్పట్లు చంకన పెట్టుకుని స్వయంగా మెట్లు దిగి వచ్చింది. ఆవిడకి కోపమొస్తే డాక్టర్లే పక్కకి తప్పుకునేవారు.

"ఏంటివి? దుప్పట్లా, నలిపి పారేసిన కాయితాలా? వీటి మీద పేషెంట్లని ఎలా పడుకోబెట్టను?"

"మెషిన్ ఆపాను సిస్టర్."

"చెడిపోయిందా?"

"లేదు, నడుస్తుంది. అందుకే ఆపాను. రండి."

తీసుకెళ్లి విరిగిన కమ్మీ చూపించింది. చెయ్యి ఎక్కడిదాకా పోయిందో తన చెయ్యి పెట్టి చూపించింది. పెద్ద సిస్టరు దుప్పట్లు కింద పెట్టి వంగి చూసింది.

"మొన్న మీటింగులో చెప్పొచ్చుగా దుప్పట్లక్కా! నేనూ అక్కడే ఉన్నాను కదా."

"చెప్పాను సిస్టర్. రెండు సెకన్లు చెప్పాను."

పెద్ద సిస్టరు అక్కడే నిలబడి ఇంజనీరుకి ఫోన్ చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని, ఇంకో చెయ్యి కాలితే మాత్రం తను ఊరుకోనని ఆ ఫోన్లో అన్నది నా గదిలోకి కూడా వినిపించింది.

ఇంజనీరు బుధవారానికి వచ్చాడు. ఆ మెషిన్ పాతది, ఆ భాగం ఇప్పుడు దొరకదు అన్నాడు. ప్రస్తుతానికి అని ఒక ఇనుప వలని వంచి ముందు బిగించాడు. దానికి చెయ్యి తగిలితే మెషిన్ ఆగదు, కాకపోతే చెయ్యి లోపలికి పోదు. కొత్త మెషిన్ సంగతి పరిశీలనలో ఉందన్నారు. నాకు తెలిసి ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. అదే వారం దుప్పట్లక్కకి ఒక మెమో కూడా వచ్చింది. అనుమతి లేకుండా మెషిన్ ఆపి రోగులకు అసౌకర్యం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నా బల్ల దగ్గరే కూర్చుని ఆరు వాక్యాలు రాసింది. క్షమాపణ అనే మాట పెట్టక్కా, గొడవ ఉండదు అన్నాను. కలం పట్టుకుని ఆలోచించి, "పెడతాను, కానీ పొట్టికి కూడా ఎవరైనా ఒకటి రాస్తారా?" అంది. పెట్టింది. పొట్టికి ఎవరూ రాయలేదు.

మూడు నెలలకి పొట్టి పనిలోకి వచ్చింది. రెండు వేళ్లు ముడుచుకోవు. దుప్పట్లక్క దాన్ని మడతబల్ల దగ్గరికి మార్చింది. మిగతావాళ్లు నాలుగు మడిస్తే అది రెండు మడిచేది. అలా అని ఎవరూ అనకుండా దుప్పట్లక్క చూసుకునేది.

వీటన్నిటి మధ్య ఇంకొకటి జరిగింది. ప్రజెంటేషన్ ఎలా ఉండాలో నమూనాగా డైరెక్టరుగారి ఆఫీసు దుప్పట్లక్క పది స్లైడ్లనీ విభాగాలన్నిటికీ పంపింది. అప్పట్నించి లిఫ్టులో, టీ దగ్గర, అందరూ ఆవిడనే అడగడం. రంగులెలా పెట్టావు, దానంతటదే ఎలా తిప్పావు అని. "నాకు రాదండీ" అంటే వినయం అనుకునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం వంటాయన వచ్చాడు. మెట్లు దిగి ఆయాసపడుతూ, నేనూ ఆవిడా టీ తాగుతుంటే ఎదురుగా కూలబడ్డాడు.

"ఆ బుడగలు ఎలా తెప్పించావో చెప్పక్కా. నా స్లైడ్లు ఎవరూ కన్నెత్తి చూడలేదు. బుడగలుంటే చూస్తారేమో."

"ఒట్టు, నాకు తెలీదయ్యా. అవే వచ్చాయి."

ఆయన మొహం ముడుచుకుంది. "చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. ఒకచోట పనిచేసేవాళ్లం."

అప్పుడు దుప్పట్లక్క టీ గ్లాసు పక్కన పెట్టి జరిగినదంతా చెప్పింది. రోడ్డు రోలర్ల దగ్గర్నుంచి, పాలు పొంగడం దాకా, ఏడో స్లైడు దాకా. వంటాయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

"నాది అయిదో స్లైడు" అన్నాడు. "పెద్ద పొయ్యికి వచ్చే గ్యాసు పైపు కీలు దగ్గర కారుతోందని రాశాను. ఎవరూ ఏం అడగలేదు."

దుప్పట్లక్క నా వైపు చూసింది. ఆ రోజు మేమిద్దరం హాల్లోనే ఉన్నాం. ఆయన స్లైడ్లు జరుగుతుంటే ఆవిడ తను చెప్పాల్సింది లోలోపల వల్లెవేసుకుంటోంది. నేను ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఇద్దరికీ ఆ అయిదో స్లైడు గుర్తులేదు.

"ఇప్పటికీ కారుతోందా?"

"వాసనొస్తూనే ఉంటుంది. అలవాటైపోయింది."

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. నేనూ లేచాను. ముగ్గురం మెట్లెక్కి వంటశాల వెనకవైపు వెళ్లాం. రాత్రి భోజనాలకి అప్పుడే పొయ్యి వెలిగించారు. పైపు గోడలోంచి వచ్చి వంగిన చోట ఒక గుడ్డ చుట్టి, దాని మీద తాడు కట్టి ఉంది. నాకు పైపుల గురించి ఏం తెలీదు. వంటాయన అది బిగించడానికి ఏడాదిగా ఎవరెవరికి చెప్పాడో వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. దుప్పట్లక్క వంగి, ఆ గుడ్డ దగ్గర ముక్కుపెట్టి వాసన చూసి, నడుం పట్టుకుని లేచింది.

"ముందు ఆ పొయ్యి ఆపించు" అంది.